స్విచ్ వేసిన తొలి క్షణం: సిరీస్ బల్బు నుంచి సాఫ్ట్ స్టార్ట్ దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని ముప్పై ఏళ్లుగా నా చేతిలో ఉన్న పని గురించి, దాని వెనకున్న చరిత్ర గురించి నాలుగు మాటలు రాస్తానన్నాను. విషయం చిన్నదే. హ్యామ్ రేడియో ఆంప్లిఫయర్‌కు స్విచ్ వేసిన మొదటి అర సెకనులో కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. దాని నుంచి యంత్రాన్ని ఎలా కాపాడాలన్నదే ఆ విషయం. ఇది రేడియో పిచ్చి ఉన్న నలుగురికే పనికొచ్చే సంగతి అనుకోవద్దు. మన కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల బావి మోటారు ఉన్న ప్రతి ఇంటికీ దీనితో పని ఉంది.

రేడియో కాక దుకాణం

నేను మన బడిలో ఏడు, ఎనిమిది తరగతులు చదివే రోజుల్లో, అంటే 1980ల మొదట్లో, బడి విడిచాక ఇంటికి పోయే దారిలో ఒక రేడియో రిపేరు దుకాణం ఉండేది. దాన్ని నడిపే పెద్దమనిషిని పిల్లలందరం రేడియో కాక అనేవాళ్లం. పెళ్లిళ్లకు, వినాయక చవితికి, బతుకమ్మకు కిరాయికిచ్చే మైక్ సెట్లు ఆయన దగ్గరికే రిపేరుకు వచ్చేవి. అప్పటికింకా వాటిలో చాలావరకు వాల్వుల ఆంప్లిఫయర్లే.

ఏ సెట్టయినా రిపేరు అయ్యాక కాక దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టేవాడు కాదు. చెక్కపలక మీద ఒక హోల్డరు, అందులో 100 వాట్ల బల్బు ఉండేది. కరెంటు ముందు ఆ బల్బులోంచి పోయి తర్వాతే సెట్టుకు చేరేది. ఒకరోజు నేను ఆత్రంగా స్విచ్ మీద చెయ్యి వేయబోతే, "ఆగు బిడ్డా, బల్బు ఏం జెప్తదో సూడు ముందు" అన్నాడు. స్విచ్ వేయగానే బల్బు జిగేల్మని వెలిగి, నెమ్మదిగా మందగించింది. "గట్ల తగ్గితే సెట్టు మంచిగున్నట్టు. తగ్గకుంట అట్లనే ఎలిగితే లోపట షార్టున్నట్టు" అన్నాడు.

మరునాడు సైన్స్ సార్‌ను అడిగాను. బల్బు మొదట ఎందుకు ఎక్కువ వెలిగింది, తర్వాత ఎందుకు తగ్గింది? సార్ నన్ను కూర్చోబెట్టి బోర్డు మీద ఓమ్ సూత్రం రాసి, "మొదటి క్షణంలో ఆ పెట్టె ఖాళీగా ఉందిరా, నిండేదాకా తాగుతది" అన్నారు. ఆ జవాబు విలువ నాకు ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

ఒకే మనిషి చూసిన రెండు వింతలు

ఈ తొలి క్షణపు కరెంటు ఇంజనీర్లకు కొత్త సమస్య కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1892లోనే దీన్ని గమనించి రాశాడు. ఏ లోడూ లేని ట్రాన్స్‌ఫార్మర్‌కు స్విచ్ వేసినా, ఒక్కోసారి మొదట్లో విపరీతమైన కరెంటు లాగుతుంది. ఒక్కోసారి ఏమీ జరగదు. కారణం ఇనుప కోర్‌లోని అయస్కాంతత్వం. కరెంటు తరంగంలో ఏ బిందువు దగ్గర మనం స్విచ్ వేశామన్న దాన్ని బట్టి, అంతకుముందు కోర్‌లో ఎంత అయస్కాంతత్వం మిగిలిందన్న దాన్ని బట్టి, కోర్ తట్టుకోగల హద్దు దాటిపోతుంది. హద్దు దాటితే ఆ తీగచుట్ట దాదాపు వట్టి తీగలాగే ప్రవర్తిస్తుంది. మన 50 సైకిళ్ల కరెంటులో ఒక సైకిలు 20 మిల్లీసెకన్లు. అలాంటి కొన్ని సైకిళ్ల పాటు మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు పారుతుంది. "నిన్న పోని ఫ్యూజు ఇవాళ ఎందుకు పోయింది" అని మనం తల గోక్కునే సందర్భాల్లో చాలావాటికి జవాబు ఇదే.

ఈ ఫ్లెమింగే తర్వాత మార్కోనీ కంపెనీకి సలహాదారుగా పనిచేశాడు. 1901లో అట్లాంటిక్ మహాసముద్రం దాటిన తొలి వైర్‌లెస్ సంకేతం పంపిన పోల్దూ కేంద్రపు విద్యుత్ యంత్రాంగం ఆయన రూపొందించిందే. 1904లో రెండు ఎలక్ట్రోడుల వాల్వును కనిపెట్టిందీ ఆయనే. రేడియోకు ప్రాణం పోసిన వాల్వు, దాన్ని చంపగల తొలి క్షణపు కరెంటు, రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా చరిత్రలోకి వచ్చాయి.

మన వైపు రేడియో

మన దేశంలో అమెచ్యూర్ రేడియో 1921లో కలకత్తాలో మొదలైంది. అమరేంద్ర చంద్ర గుప్తు తొలి హ్యామ్, ముకుల్ బోస్ రెండోవాడు. మన హైదరాబాద్ రాజ్యంలో 1930ల మొదట్లో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల ప్రైవేటు రేడియో కేంద్రం నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే డెక్కన్ రేడియో. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఇవాళ మన ఇంట్లో ఒక మిక్సీ వాడే కరెంటు కన్నా తక్కువ శక్తితో ఒక రాజధానికి గొంతు దొరికిందన్న మాట.

రెండో ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం హ్యామ్‌ల ప్రసారాలు ఆపేసింది. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన పాత సరుకే హ్యామ్‌లకు పెన్నిధి అయింది. 807, 813 వంటి వాల్వులు పాత సామాన్ల బజారులో దొరికేవి. మన దేశపు హ్యామ్‌లు చాలా ఏళ్లు వాటితోనే సొంతంగా ట్రాన్స్‌మిటర్లు కట్టుకున్నారు. 1983లో హైదరాబాద్‌లో ఎస్. సూరి చొరవతో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడ్డాక తెలుగు కుర్రాళ్లకు ఈ విద్య దగ్గరైంది. నేను ఇంజనీరింగ్ అయ్యాక, 1990లలో, మోర్స్ నేర్చుకుని పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను.

నా ఆంప్లిఫయర్, నా పొరపాటు

2000ల మొదట్లో నేను ఒక 813 వాల్వుతో ఆంప్లిఫయర్ కట్టాను. ఇప్పటి నిబంధనల ప్రకారం జనరల్ గ్రేడు లైసెన్సుకు గరిష్ఠంగా 400 వాట్లు. నాది ఆ హద్దుకు లోపలే. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊరికి వచ్చినప్పుడు మోటార్ వైండింగ్ షాపులో చుట్టించుకున్నాను. బావి మోటార్లు చుట్టే చేతులతోనే అది తయారైంది. వాల్వుకు 2000 వోల్టులు కావాలి. దానికోసం 220 మైక్రోఫారడ్, 450 వోల్టుల కెపాసిటర్లు ఆరింటిని వరసగా కలిపాను. మొత్తం సుమారు 37 మైక్రోఫారడ్.

స్విచ్ వేసిన మొదటి క్షణంలో ఇందులో మూడు చోట్ల ఒకేసారి దెబ్బ పడుతుంది. మొదటిది ఫ్లెమింగ్ చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్. రెండోది ఖాళీ కెపాసిటర్లు. ఎండిన కాలువకు నీళ్లు వదిలితే మొదటి నీళ్లన్నీ నేలే తాగేసినట్టు, ఖాళీ కెపాసిటర్ నిండేదాకా దాదాపు షార్ట్ సర్క్యూట్ లాగే ఉంటుంది. అడ్డుకునేది వైండింగ్ తీగల స్వల్ప నిరోధం మాత్రమే. 230 వోల్టుల వైపు వందకు పైగా ఆంపియర్లు క్షణకాలం పారగలవు. మూడోది వాల్వు ఫిలమెంట్. 813 ఫిలమెంట్ 10 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది. కానీ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వేడి మీద ఉన్నదానిలో దాదాపు పదో వంతే. కొన్ని పెద్ద వాల్వుల డేటా షీట్లలో, తొలి కరెంటు మామూలుకు రెట్టింపు మించకుండా చూసుకోమని తయారీదారులే రాశారు.

ఇవన్నీ నాకు పుస్తకంలో తెలుసు. అమెరికా హ్యామ్‌లు తమ పాత ఆంప్లిఫయర్లకు ఈ రక్షణ విడిగా పెట్టుకోవడం పత్రికల్లో చదివాను కూడా. "తర్వాత చేద్దాంలే" అనుకున్నాను. రెండేళ్లు ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గనక ఏమీ కాదనుకున్నాను.

2004 డిసెంబర్ 26, ఆదివారం. ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర భూమి కంపించింది. జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక హ్యామ్ బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ నుంచి ఏళ్ల తరబడి హ్యామ్ ప్రసారాలు లేకపోవడంతో, ప్రత్యేక అనుమతితో అక్కడికి వెళ్లి ప్రపంచంతో మాట్లాడుతున్నారు. సునామీ వచ్చి ఫోన్లు మూగబోగానే వారి సరదా కాస్తా సేవగా మారింది. ద్వీపాల్లో చిక్కుకున్నవారి క్షేమ సమాచారం ప్రధాన భూభాగానికి ఆ రేడియో మీదుగా వచ్చింది.

ఆ ఉదయం హైదరాబాద్‌లో నేను రేడియో ముందు కూర్చున్నాను. దేశంలోని హ్యామ్‌లు చాలామంది మాట్లాడకుండా వింటున్నారు. అలాంటప్పుడు అనవసరంగా మాట్లాడకపోవడమే సేవ. అయినా ఎవరైనా సందేశం అందించమని పిలిస్తే సిద్ధంగా ఉండాలని ఆంప్లిఫయర్ స్విచ్ వేశాను. ఠప్పుమంది. ఇంటి మెయిన్ ట్రిప్ అయింది. మళ్లీ కరెంటు పెట్టి చూస్తే ఫ్యూజు పోయింది, 2000 వోల్టుల డయోడ్ల వరసలో సగం షార్టయ్యాయి, స్విచ్ లోపలి ముక్కలు అతుక్కుపోయాయి. ఆ రోజంతా నేను వినగలిగాను గానీ, గట్టిగా జవాబిచ్చే స్థితిలో లేను.

నాకు పిలుపు రాలేదు. నా కన్నా మంచి స్టేషన్లు ఉన్నాయి, పని జరిగింది. కానీ పిలుపు వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. రెండేళ్లుగా ప్రతి స్విచ్‌తో నేనే ఆ డయోడ్లను కొంచెం కొంచెం దెబ్బ తీస్తూ వచ్చాను. అవి అవసరమైన రోజున తెగిపోయాయి. తప్పు పూర్తిగా నాదే.

కాక పలకే మళ్లీ కట్టాను

ఆ పండుగ సెలవుల్లో కూర్చుని రక్షణ కట్టాను. హ్యామ్‌లు దీన్ని స్టెప్ స్టార్ట్ అని, సాఫ్ట్ స్టార్ట్ అని అంటారు. కరెంటు దారిలో 47 ఓమ్‌ల, 50 వాట్ల తీగ రెసిస్టర్ పెట్టాను. దానికి తోడు 2 ఆంపియర్ల నిదాన ఫ్యూజు. ఆ రెండింటినీ దాటవేసేలా ఒక రిలే. స్విచ్ వేయగానే కరెంటు రెసిస్టర్ గుండా మాత్రమే పోవాలి. 47 ఓమ్‌లు అడ్డున్నాయి గనక ఎంత ఖాళీ కెపాసిటరైనా శిఖర స్థాయిలో 7 ఆంపియర్లకు మించి లాగలేదు. సెకనులోపే కెపాసిటర్లు నిండుతాయి, ఫిలమెంట్ వేడెక్కడం మొదలవుతుంది. అప్పుడు రిలే టక్కున పడి పూర్తి 230 వోల్టులు ఇస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. రిలేను టైమర్‌తో నడపవచ్చు. కానీ టైమర్‌కు లోపల ఏం జరుగుతుందో తెలియదు. షార్టున్నా సమయం కాగానే పూర్తి కరెంటు వదిలేస్తుంది. అందుకని నేను రిలే కాయిల్‌ను రెసిస్టర్ తర్వాత, ట్రాన్స్‌ఫార్మర్ మీదే కలిపాను. అంతా బాగుంటే అక్కడ వోల్టేజి 210 దాకా పెరుగుతుంది, రిలే పడుతుంది. లోపల షార్టుంటే వోల్టేజి పెరగనే పెరగదు, రిలే పడదు. కొద్దిసేపట్లో 2 ఆంపియర్ల ఫ్యూజు పోయి యంత్రం బతుకుతుంది.

మొదటిసారి స్విచ్ వేసి రిలే చప్పుడు విన్నప్పుడు నాకు రేడియో కాక బల్బు గుర్తొచ్చింది. తగ్గితే మంచిగున్నట్టు, తగ్గకుంటే షార్టున్నట్టు. ఆయన బల్బు చేసిన పనే నా రెసిస్టర్, రిలే చేస్తున్నాయి. నిజానికి బల్బు ఇంకా తెలివైనది. వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది గనక షార్టున్నప్పుడు అదే గట్టిగా అడ్డుకుంటుంది.

కంప్యూటర్ సప్లైలలో ఈ పనికి థర్మిస్టర్ వాడతారు. చల్లగా ఉన్నప్పుడు అడ్డుకుని, వేడెక్కాక దారి ఇచ్చే బిళ్ల అది. చవక, చిన్నది. కానీ కరెంటు పోయి రెండు సెకన్లలో తిరిగొస్తే అది ఇంకా వేడిగానే ఉంటుంది, అడ్డుకోదు. మన ఊళ్లలో కరెంటు వచ్చేదీ పోయేదీ ఎట్లాగో మీకు నేను చెప్పక్కర్లేదు. రిలే అయితే కరెంటు పోగానే వదిలేస్తుంది, తిరిగి రాగానే మళ్లీ మొదటి నుంచి మెల్లగా మొదలుపెడుతుంది. అందుకే మన దగ్గర రిలేనే మేలు.

ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే ఒక హెచ్చరిక. 2000 వోల్టుల కెపాసిటర్లు స్విచ్ ఆపాక కూడా ప్రాణం తీయగలవు. వాటిని ఖాళీ చేసే రెసిస్టర్లు పెట్టకుండా, మీటరుతో చూడకుండా మూత తీయవద్దు.

బావి కాడి లెక్క

ఇప్పుడు మన ఊరికి వస్తాను. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చింది. 1970లో మన పొరుగున సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనందరికీ తెలిసిన సెస్, ఏర్పడింది. దేశంలో మొదట పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. సిరిసిల్లలో మగ్గాలకు, మన వైపు పసుపు, మక్క, వరి చేలకు కరెంటు చేరింది. దానితో పాటే తొలి క్షణపు సమస్యా వచ్చింది.

మోటారు నిలబడ్డ స్థితి నుంచి కదిలేటప్పుడు మామూలు కరెంటుకు ఆరు రెట్ల దాకా లాగుతుంది. బరువు బండిని ఎడ్లు కదిలించే మొదటి గుంజుడు లాంటిది అది. పెద్ద మోటార్లకు స్టార్ డెల్టా స్టార్టర్ పెట్టేది అందుకే. స్టార్‌లో మొదలుపెడితే లైను నుంచి లాగే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. అదీ సాఫ్ట్ స్టార్టే.

రాత్రిపూట ఏ వేళకో కరెంటు వచ్చే రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. చీకట్లో పాములు, తేళ్ల మధ్య బావికాడికి పోయి స్టార్టర్ నొక్కే కష్టం తెలిసినవాడెవడూ తప్పు పట్టడు. మా నాయన కూడా పెట్టించాడు. కానీ లెక్క చూడండి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకునేది సుమారు 139 ఆంపియర్లు. దాని కింద 7 ఆంపియర్ల మోటార్లు 18 ఉంటే నడిచేటప్పుడు 126 ఆంపియర్లు, సరిపోతుంది. కానీ కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు 18 మోటార్లనూ ఒకే క్షణంలో లేపితే అది 750 దాటుతుంది. వోల్టేజి పడిపోతుంది, పడిపోతే మోటార్లు త్వరగా వేగం అందుకోవు, అందుకోకపోతే ఆ భారీ కరెంటు ఇంకా ఎక్కువసేపు పారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, దాన్ని ట్రాక్టరు మీద వేసుకుని రిపేరుకు తీసుకుపోయి, తిరిగొచ్చేదాకా ఎండుతున్న యాసంగి వరిని చూస్తూ కూర్చున్న రోజులు మనలో చాలా ఇళ్లకు తెలుసు. మా ఇంటికీ తెలుసు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం చేశారు. చాలామంది తీసేశారు, కొందరు తీయలేదు. "నా ఒక్కడి మోటారుతో ఏమైతది" అన్న మాట అప్పుడు నేనూ విన్నాను. నా ఆంప్లిఫయర్ విషయంలో రెండేళ్లు నేను అనుకున్నదీ సరిగ్గా అదే. తొలి క్షణపు దెబ్బ కంటికి కనిపించదు, అదే రోజు నష్టం చూపించదు, అందుకే ఎవరూ నమ్మరు. ఆటో స్టార్టర్ తప్పనిసరైతే ఒక్కో మోటారు కొన్ని సెకన్ల తేడాతో లేచేలా టైమర్లు పెట్టుకోవచ్చు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా ఒకచోట కూర్చుని ఎవరిది ఎప్పుడు లేవాలో వరస పెట్టుకుంటే చాలు. ఖర్చు కాలిన ట్రాన్స్‌ఫార్మర్ కన్నా ఎంతో తక్కువ.

మన బడికి ఒక పలక

ఈ ఉత్సవాల సందర్భంగా మన బడి సైన్స్ ల్యాబ్‌కు ఒక చెక్కపలక తయారు చేసి ఇస్తున్నాను. దాని మీద రేడియో కాక పెట్టినట్టే ఒక 100 వాట్ల బల్బు, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, మూత వేసిన కెపాసిటరు, ఒక రిలే ఉంటాయి. స్విచ్ వేస్తే బల్బు జిగేల్మని, మందగించి, టక్కుమని రిలే పడటం పిల్లలు కళ్లతో చూడవచ్చు. ఒక మీట నొక్కితే లోపల షార్ట్ పెట్టినట్టవుతుంది. అప్పుడు బల్బు మందగించదు, రిలే పడదు. దీని వెనక ఓమ్ సూత్రం తప్ప వేరే గొప్ప విద్యేమీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు చాలు.

రేడియో కాక ఇప్పుడు లేడు. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. సైన్స్ సార్ రిటైరై ఊళ్లోనే ఉన్నారు. పలక పూర్తయ్యాక ముందు సార్ ఇంటికే తీసుకెళ్లి చూపించాను. ఆయన స్విచ్ వేసి, బల్బు వైపు చాలాసేపు చూసి, "కెపాసిటర్ ఖాళీ చేసే రెసిస్టర్ పెట్టినవారా?" అని అడిగారు. పెట్టానని చెప్పాను. మీటరు తెమ్మని, తానే కొలిచి చూసుకున్నాకే, పిల్లల చేతికి ఇవ్వవచ్చన్నారు.